ఆట ఎవరిది, ఆట పుస్తకం ఎవరిది

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అనే ఆటకు బోర్డు ఉండి తీరాలన్న నిబంధన లేదు, చివరకు ఎవరో ఒకరు గెలిచి తీరాలన్న పట్టింపూ లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపే గేమ్ మాస్టర్ బాధ్యత తీసుకుంటే, మిగిలినవారు తలా ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్ర ఏం చేయబోతోందో నోటితో చెబుతూ కథను ముందుకు నడుపుతారు. చెప్పిన పని నెరవేరిందో లేదో తేలనిచోట పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల రూపకల్పనలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటల వంశవృక్షం మొదలైంది. ఆ తొలి ఆట మాంత్రికులు, ఖడ్గవీరులు తిరిగే లోకానికి కట్టుబడి ఉండగా, తరువాతి దశాబ్దంలో ఏ లోకానికీ కట్టుబడని నియమావళి ఉంటే బాగుంటుందన్న ఆలోచన బలపడింది. అంతరిక్ష యుద్ధానికైనా, నేరపరిశోధనకైనా, పురాణగాథకైనా ఒకే లెక్కలతో పనికివచ్చే ఇటువంటి పుస్తకాన్ని సార్వత్రిక నియమావళి అంటారు. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ ప్రచురించిన ‘గర్ప్స్’, 2003 నాటి ‘సావేజ్ వరల్డ్స్’, ‘ఫేట్’ ఈ కోవలోనివి.

ఇటువంటి పుస్తకం రాయడానికి పూనుకున్న ప్రతివారినీ రెండు భయాలు వెంటాడుతాయి. పాత ఆటల నుంచి తీసుకున్న పాచికల పద్ధతి వల్ల ఎవరైనా కోర్టుకు ఈడుస్తారేమోనన్నది మొదటిది. తాము కష్టపడి కట్టిన నియమాలను రేపు మరొకరు ఎత్తుకుపోతారేమోనన్నది రెండవది. చట్టం మొదటి భయాన్ని చాలావరకు తీరుస్తుంది గానీ, తీర్చే ఆ కారణంతోనే రెండవ భయాన్ని నిజం చేస్తుంది. లోకాన్నీ, పాత్రలనూ, కథనూ తీసివేసి కేవలం నియమాలనే మిగుల్చుకున్న పుస్తకం, కాపీరైటు రక్షణ అత్యంత పలుచగా ఉండే పదార్థాన్నే తన ఆస్తిగా ఎంచుకుందన్న మాట.

ఈ పలుచదనానికి మూలం కాపీరైటు చట్టపు పునాదిలోనే ఉంది. భావానికి రక్షణ ఉండదు, ఆ భావాన్ని వ్యక్తం చేసిన రూపానికే రక్షణ ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1879 నాటి బేకర్–సెల్డెన్ కేసులో ఈ సంగతిని తేల్చి చెప్పింది. సెల్డెన్ అనే వ్యక్తి జమాఖర్చుల లెక్కకు ఒక కొత్త పద్ధతిని కనిపెట్టి పుస్తకం రాయగా, ఆ పుస్తకం మీద హక్కు అతని పక్షానిదేనని, అందులో వివరించిన లెక్కల పద్ధతిని మాత్రం ఎవరైనా వాడుకోవచ్చని కోర్టు నిర్ణయించింది. అమెరికా ప్రస్తుత కాపీరైటు చట్టంలోని 102వ సెక్షన్ పద్ధతులను, ప్రక్రియలను, వ్యవస్థలను రక్షణ పరిధి నుంచి స్పష్టంగా తప్పించింది. అక్కడి కాపీరైటు కార్యాలయం కూడా ఆట వెనుక ఉన్న ఆలోచనకు గానీ, ఆట పేరుకు గానీ, ఆడే పద్ధతికి గానీ కాపీరైటు వర్తించదనే చెబుతుంది. భారతదేశంలో ఇదే సూత్రాన్ని 1978లో ఆర్.జి. ఆనంద్–డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచింది. ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకానికి ‘న్యూ ఢిల్లీ’ సినిమా అనుకరణ అన్న ఆరోపణను పరిశీలించి, ఇతివృత్తం ఒకటే అయినంత మాత్రాన హక్కు ఉల్లంఘన జరిగినట్లు కాదని చెప్పింది. తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు: సీసపద్యపు గణాల లెక్క ఎవరి సొత్తూ కాదు, శ్రీనాథుడు రాసిన సీసం మాత్రం శ్రీనాథుడిదే.

నియమం విషయంలో ఈ గీత ఎక్కడ పడుతుందో దగ్గరగా చూడవచ్చు. ఆరు ముఖాల పాచికలు మూడు వేయగా వచ్చిన మొత్తం, పాత్ర నైపుణ్యపు అంకెను మించకపోతే పని నెరవేరుతుందన్నది ఒక నియమం. మూడు పాచికలు పడే తీరులు 216. వాటిలో మొత్తం 10 గానీ అంతకు తక్కువ గానీ అయ్యేవి సరిగ్గా 108 కాబట్టి, నైపుణ్యం 10 ఉన్న పాత్రకు సగానికి సగం అవకాశం ఉన్నట్లు. ఈ నియమమూ, దాని వెనుక గణితమూ ఎవరివీ కావు. పైగా దీన్ని క్లుప్తంగా చెప్పే మార్గాలు నాలుగైదుకు మించవు. ఒక భావాన్ని చెప్పే దారులు అంత తక్కువైనప్పుడు భావమూ అభివ్యక్తీ కలిసిపోయినట్లేనని, అక్కడ వాక్యానికి కూడా రక్షణ ఇస్తే భావానికే తాళం వేసినట్లవుతుందని కోర్టులు భావిస్తాయి. దీన్ని విలీన సూత్రం అంటారు. అదే నియమాన్ని ఒక రచయిత రెండు పేజీల పాటు వివరిస్తూ, ఓడ తాడు పట్టుకుని వేలాడుతున్న దొంగ ఉదాహరణ కల్పించి, ఆటగాళ్ల సంభాషణ రాసి, ఎప్పుడు పాచికలు వేయకూడదో చమత్కారంగా చెప్పాడనుకుంటే ఆ రెండు పేజీలు పూర్తిగా అతనివే. మాంత్రిక వస్తువుల పట్టికలోని వంద కల్పిత వస్తువుల వర్ణనలూ అతనివే అవుతాయి. సంభావ్యతల పట్టిక మాత్రం కాదు.

ఈ తేడాను ఆచరణలో చూపించిన ఉదంతం సార్వత్రిక నియమావళుల చరిత్రలోనే దొరుకుతుంది. స్టీవ్ జాక్సన్ 1977లో ‘మెలే’, 1978లో ‘విజార్డ్’ అనే చిన్న యుద్ధక్రీడలను మెటాగేమింగ్ సంస్థ కోసం రూపొందించి, వాటిని ‘ది ఫాంటసీ ట్రిప్’ అనే పూర్తిస్థాయి ఆటగా పెంచారు. పాత్రకు బలం, చురుకుదనం, తెలివి అనే మూడు అంకెలు ఉండడం, ఆటగాడు కొన్ని పాయింట్లను వాటి మధ్య తన ఇష్టప్రకారం పంచుకోవడం, మూడు పాచికలు వేసి ఆ అంకెకు లోబడి తెచ్చుకోవడం అందులోని కీలకాంశాలు. 1980లో ఆయన బయటకు వచ్చి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1983లో పాత ప్రచురణ సంస్థ మూతపడినప్పుడు హక్కులు కొనడానికి ప్రయత్నించినా, అడిగిన ధర ఆయనకు అందలేదు. అప్పుడాయన చేసిన పని గమనించదగినది. పాత పుస్తకంలోని వాక్యాలను వదిలేసి, పద్ధతులను మాత్రం వెంట తెచ్చుకుని, మూడు అంకెలకు ఆరోగ్యం అనే నాలుగవ అంకెను చేర్చి, అవే మూడు పాచికలతో ‘గర్ప్స్’ను కొత్తగా రాశారు. తాను రాసిన వాక్యాలే తనవి కాకుండా పోయిన రచయిత, తన ఆలోచనలను మాత్రం చట్టబద్ధంగానే వెనక్కు తెచ్చుకున్నారు. ఆ పాత పుస్తకాల హక్కులు ఆయనకు 2017 చివర్లో గాని తిరిగి దక్కలేదు. హక్కులు వదులుకున్న రచయిత 35 ఏళ్ల తరువాత వాటిని వాపసు కోరవచ్చని అమెరికా చట్టంలో ఉన్న వెసులుబాటు ఆయనకు పనికివచ్చింది.

కోర్టు మెట్లెక్కిన ఆటల సంగతికి వస్తే, 2016లో టెక్సాస్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పు రూపకర్తలందరూ చదవదగినది. ఇటలీకి చెందిన ‘బ్యాంగ్!’ అనే పేకాటలో షెరీఫ్, అతని సహాయకులు, బందిపోట్లు, ద్రోహి తలపడతారు. చైనాలో పుట్టిన మరో ఆట ఇదే అల్లికను తీసుకుని, షెరీఫ్ స్థానంలో రాజును, సహాయకుల స్థానంలో మంత్రులను, బందిపోట్ల స్థానంలో తిరుగుబాటుదారులను పెట్టి, చైనా మూడు రాజ్యాల కాలపు వీరులతో బొమ్మలు వేసుకుంది. ఒక్కొక్క పాత్ర శక్తులు సైతం చాలాచోట్ల సరిపోలాయి. అయినా పాత్రల మధ్య సంబంధాలు, వాటి శక్తులు, గెలిచే షరతులు ఆట నడిచే పద్ధతిలో భాగమే తప్ప రక్షణ పొందే అభివ్యక్తి కావని కోర్టు తేల్చింది. ఇందుకు భిన్నంగా 2012లో ‘టెట్రిస్’ కేసులో న్యూజెర్సీ కోర్టు, నియమాలు ఉచితమే అయినా తెర మీద కనిపించే ముక్కల ఆకారం, రంగు, అరల కొలతలు యథాతథంగా దించినందుకు అనుకరించిన సంస్థను తప్పుపట్టింది. ఎంత మారితే చాలునన్న ప్రశ్నకు ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవడం కంటే మంచి జవాబు లేదు.

భారతదేశంలో ఇదే ప్రశ్న 2008లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. కోల్‌కతాకు చెందిన అగర్వాలా సోదరులు ఇంటర్నెట్‌లో నడిపిన ‘స్క్రాబ్యులస్’ పదక్రీడ మీద ‘స్క్రాబుల్’ హక్కుదారైన మాటెల్ సంస్థ దావా వేసింది. ఆట బోర్డు మీద కాపీరైటు ఉందన్న వాదనను మధ్యంతర దశలో కోర్టు అంగీకరించలేదు. ఆ గడుల అమరిక విషయంలో భావమూ అభివ్యక్తీ విలీనమయ్యాయన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అయితే పేరు దగ్గర సోదరులు ఓడిపోయారు. ‘స్క్రాబుల్’ను తలపించే పేరు వాడరాదని ట్రేడ్‌మార్కు ఆధారంగా కోర్టు ఆదేశించగా, ఆట ‘లెక్సులస్’గా మారి కొనసాగింది. ట్రేడ్‌మార్కు అంటే సరుకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కొనుగోలుదారుకు తెలిపే గుర్తు మీద హక్కు. కాపీరైటుకు కాలపరిమితి ఉంటుంది గానీ, వాడుకలో ఉంచి రుసుము కడుతూ ఉన్నంతకాలం ట్రేడ్‌మార్కుకు అంతం లేదు. మూడవదైన పేటెంటు సంగతి మన దేశంలో త్వరగానే తేలిపోతుంది: 1970 పేటెంట్ల చట్టంలోని 3వ సెక్షన్ ఆట ఆడే పద్ధతిని ఆవిష్కరణగా గుర్తించనే గుర్తించదు.

సార్వత్రిక నియమావళి రాసేవారు నిజంగా జారిపడే చోటు నియమాలు కావు, ఉదాహరణలు. ఏ లోకానికైనా పనికివస్తుందని నిరూపించాలన్న ఉత్సాహంలో నలుగురికీ తెలిసిన సినిమా వీరుణ్నో, నవలలోని ప్రాణినో తెచ్చి అంకెలు కట్టేస్తారు. తొలి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుస్తకాల్లో టోల్కీన్ నవలల నుంచి హాబిట్‌లు, ఎంట్‌లు, బాల్‌రాగ్‌లు నేరుగా దిగుమతి అయ్యాయి. ఆ రచనల వాణిజ్య హక్కులున్నవారు అభ్యంతరం చెప్పడంతో 1970ల చివర్లో ఆ పేర్లు హాఫ్‌లింగ్, ట్రీయంట్, బాలర్‌గా మారాయి. జానపద గాథల నుంచి వచ్చిన ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు, డ్రాగన్లు మాత్రం చెక్కుచెదరలేదు. టోల్కీన్ 1973లో మరణించారు కాబట్టి, రచయిత మరణానంతరం 60 ఏళ్లపాటు హక్కు నిలిచే భారతీయ చట్టం ప్రకారం ఆయన రచనలు ఇక్కడ 2033 చివరి వరకు రక్షణలోనే ఉంటాయి. 1937లో మరణించిన లవ్‌క్రాఫ్ట్ భయానక కథలు ఇక్కడ ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి.

అనుమతి తీసుకుని వాడితే చిక్కు లేదనుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే అనుమతి రెండు వైపులా కట్టిపడేస్తుంది. ఇంటర్‌ప్లే సంస్థ తన ‘ఫాల్అవుట్’ కంప్యూటర్ ఆటను మొదట ‘గర్ప్స్’ నియమాల మీద కట్టింది. ఆటలోని హింస, బొమ్మల తీరు నచ్చక నియమావళి యజమానులు అభ్యంతరం చెప్పగా ఒప్పందం చెడిపోయింది. ఇంటర్‌ప్లే బృందం తన సొంత ఏడు లక్షణాల పద్ధతిని తయారుచేసుకుని 1997లో ఆటను విడుదల చేసింది. నియమావళిని ఊడదీసి మరొకటి బిగించినా ఆట నిలబడింది. సార్వత్రిక నియమావళి రచయితలకు ఇంతకంటే చేదుగా అనిపించే ఉదాహరణ దొరకడం కష్టం.

మరి నియమాలు ఉచితమే అయితే, నియమాలకు లైసెన్సు ఇవ్వడమేమిటన్న సందేహం సహజం. 2000లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కొత్త యజమానులైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, రయాన్ డాన్సీ చొరవతో ఓపెన్ గేమ్ లైసెన్సును ప్రవేశపెట్టి, నియమాల సారాన్ని ఒక పత్రంగా విడుదల చేసి, దాన్ని ఎవరైనా యథాతథంగా తీసుకుని తమ పుస్తకాల్లో అచ్చు వేసుకోవచ్చని చెప్పింది. ఇక్కడ దక్కినవి రెండు: వాక్యాలను మళ్లీ రాసే శ్రమ తప్పడం, దావా రాదన్న నిశ్చింత. తీసుకున్నవారు ప్రతిగా కొన్ని ప్రాణుల పేర్లనూ, సంస్థ గుర్తులనూ ముట్టుకోబోమని ఒప్పుకున్నారు. అంటే చట్టం అనుమతించే కొన్ని వాడుకలను సైతం ఒప్పందం ద్వారా వదులుకున్నారు. చిన్న ప్రచురణకర్తలకు న్యాయవాదిని పెట్టుకునే స్తోమతు ఉండదు కాబట్టి ఈ బేరం ఇరవై ఏళ్లకు పైగా సాగింది, ‘పాత్‌ఫైండర్’ వంటి పెద్ద ఆటలు దాని మీదే నిలబడ్డాయి. 2023 జనవరిలో బయటకు పొక్కిన కొత్త ముసాయిదా పాత లైసెన్సు చెల్లదని చెప్పి, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం దాకా రాయల్టీ కోరడంతో ఆటగాళ్లు, ప్రచురణకర్తలు తిరగబడ్డారు. ఆ నెల ముగిసేలోగానే సంస్థ వెనక్కు తగ్గి, 400 పేజీలకు పైబడిన అయిదవ కూర్పు నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టింది. మూలం పేరు చెప్పడం ఒక్కటే షరతుగా ఎవరైనా వాడుకునే ఈ లైసెన్సును ఇచ్చినవారు సైతం రద్దు చేయలేరు. ‘ఫేట్’ రూపకర్తలు ఇటువంటి లైసెన్సునే అంతకు ముందే ఎంచుకోగా, ‘గర్ప్స్’ ప్రచురణకర్తలు ఆ దారిన పోలేదు. నియమాలను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న రెండవ భయానికి మందు దాచుకోవడంలో కంటే పంచిపెట్టి తమ పేరును స్థిరపరచుకోవడంలోనే ఎక్కువగా ఉందని ‘ఫేట్’ అనుభవం సూచిస్తోంది. నియమాలు ఎటూ కాపాడుకోలేనివైనప్పుడు మిగిలేది పేరే కదా.

బయటివారితో తగాదాల కంటే లోపలివారితో తగాదాలు ఈ రంగంలో తక్కువేమీ కావు. డేవ్ ఆర్నెసన్ తనకు రావలసిన రాయల్టీ గురించి 1979లో కోర్టుకు వెళ్లగా, ‘అడ్వాన్స్‌డ్’ అనే విశేషణం తగిలించిన కొత్త పుస్తకాలు పాత ఆట కిందికి వస్తాయా రావా అన్న వివాదం 1981లో రాజీతో ముగిసింది. ఆటను పరీక్షించే దశలో మిత్రుడు సూచించిన నియమం భావమే కాబట్టి అతనికి కాపీరైటు రాదు; అదే మిత్రుడు ఒక అధ్యాయం రాసి ఇస్తే, జీతం మీద పనిచేసే ఉద్యోగి కానంత వరకు, ఆ అధ్యాయానికి తొలి యజమాని అతనే. భారత కాపీరైటు చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లకే, ప్రదేశం రాయకపోతే భారతదేశానికే అది పరిమితమవుతుంది. స్నేహం మీద నమ్మకంతో ఒక్క వాక్యం రాసుకుని పుస్తకం వేసినవారికి ఆరవ ఏట ఆ అధ్యాయం తమది కాకుండా పోవచ్చు.

తెలుగులో ఇటువంటి నియమావళి రాయదలచినవారికి కథాసామగ్రి కొరత లేదు. వైకుంఠపాళి నిచ్చెనలూ పాములూ, మహాభారత వీరులూ అందరి సొత్తే; ఒక చిత్రకారుడు ఈనాడు గీసిన వైకుంఠపాళి పటం మాత్రం ఆ చిత్రకారుడిది. ఈ గీత ఎంత సన్ననిదో ‘మాయాబజార్’ సినిమా చూపిస్తుంది. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు, జనం నోటా రంగస్థలం మీదా బతికిన కథ. అందువల్ల ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారే ఘట్టాన్ని ఆటలో ఎవరైనా ఆడించుకోవచ్చు. మంచి పని చేసిన ఆటగాడికి ఇచ్చే పాయింటుకు ఆ సినిమాలోని వీరతాడు అనే పేరు పెట్టుకున్నా కాపీరైటు అడ్డురాదు, ఒంటరి పదానికి ఆ రక్షణ ఉండదు. కానీ ఆ సినిమా రచయిత పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు గనుక, సినిమా మీది హక్కుల సంగతి ఎలా ఉన్నా, ఆయన రాసిన మాటలూ పాటలూ 2031 చివరి వరకు సాహిత్యకృతులుగా రక్షణ పొందుతూనే ఉంటాయి. పేజీలకు పేజీలు ఎత్తి ఉదాహరణలుగా పెట్టడం కుదరదు.

అనువాదం విషయంలో పొరపాటు ఇంకా తేలిక. నియమాలు ఉచితమన్న మాట విని ఇంగ్లీషు నియమ పుస్తకాన్ని వాక్యం వెంట వాక్యం తెలుగు చేస్తే అది ఉల్లంఘనే, అనువాదహక్కు మూలరచయితకే చెందుతుంది కాబట్టి. పుస్తకం మూసిపెట్టి, అర్థమైనదాన్ని సొంత మాటల్లో, సొంత క్రమంలో, సొంత ఉదాహరణలతో రాస్తే ఉల్లంఘన కాదు. క్రియేటివ్ కామన్స్ కింద ఉన్న ఆ 400 పేజీల పత్రానికి మాత్రం ఈ చిక్కు లేదు. మూలాన్ని పేర్కొంటూ ఎవరైనా ఈరోజే తెలుగులోకి తెచ్చి, అచ్చువేసి, అమ్ముకోవచ్చు, అట్ట మీద అసలు ఆట పేరును తమ సరుకు పేరుగా పెద్దక్షరాల్లో వేయనంత వరకు. ఇద్దరు అనువాదకులు విడివిడిగా పూనుకుని, ఒకరు పాత్ర చురుకుదనాన్ని ‘లాఘవం’ అని, మరొకరు ‘చాకచక్యం’ అని రాసినా ఒకరినొకరు ఆపలేరు. అయితే మొదటివారి తెలుగు వాక్యాలనే రెండవవారు ఎత్తుకుంటే, ఇంగ్లీషు మూలం ఉచితమైనదన్న వాదన అక్కడ పనికిరాదు. ఆ తెలుగు మొదటివారు వేరే చెప్పనంతకాలం వారిదే.